కరెంటుకు మడి తెలియదన్న మనిషి

భేస్తాన్‌లో మా వాడ ఇళ్లన్నిటికీ కరెంటు పని చేసిన మా పక్కింటి ఎలక్ట్రీషియన్ గతించిన పదకొండవ దినమిది. గుండె ఆగి పోయాడని కబురు విన్నప్పుడు నాకు దుఃఖం కంటే ముందు సిగ్గు కలిగింది. పోయినవారి గుణాలను తలచుకోవడం ఈ దినపు ధర్మం. ఆయన గుణం చెప్పాలంటే నా దోషం చెప్పక తప్పదు.

నేను ఇక్కడికి వలస వచ్చిన తెలుగు నేత కుటుంబాలకు పురోహితుణ్ణి. మా ఇంటి కింద స్కూటర్లు పెట్టే షెడ్డులో పూజ పాలకూ పూలకూ ఒక పాత ఫ్రిజ్ ఉండేది. షాకు తగిలేలోపే కరెంటును తెంపే స్విచ్చును దాని సాకెట్‌కు ఆయనే బిగించాడు. పోయిన వానాకాలం ఆ స్విచ్చు మాటిమాటికీ పడిపోయి కరెంటు ఆగిపోసాగింది. పాలు విరిగిపోయాయి. కోపంతో కబురంపాను.

ఆయన ఆ సాకెట్‌లో ముందు ఇస్త్రీపెట్టె పెట్టి చూశాడు, స్విచ్చు నిలిచింది. ఫ్రిజ్ పెట్టగానే పడింది. ఏ పనైనా అలాగే చేసేవాడు, అనుమానాలను ఒక్కొక్కటిగా తీసివేస్తూ.

"స్విచ్చు మంచిగనే ఉన్నది పంతులుగారూ. ఫ్రిజ్‌ల చెమ్మ జొచ్చి కరెంటు బయటికొస్తున్నది. మీరేమో తడిబట్టతోని, ఒట్టి కాళ్లతోని తలుపు తీస్తరు. కరెంటుకు మడి తెల్వది."

"నాకు మడి నేర్పుతావా? నీ పని సరిగా ఉంటే నా ఫ్రిజ్‌కేం రోగం?"

"తేలున్నదని చెప్పినోని మీదికే చెప్పు లేపితె ఎట్ల?" అని నవ్వాడు. "రిపేరు అయ్యేదాంక జర దీన్ని నడపకుండ్రి."

మర్నాడే నేను వేరొకరిని పిలిచి ఆ స్విచ్చు తీయించి, మామూలు సాకెట్ పెట్టించాను. ఫ్రిజ్ నిక్షేపంగా నడిచింది. మూడోనాడు నా భార్య తడిబట్టతో మడి కట్టుకుని వచ్చి ఫ్రిజ్ తలుపు పట్టుకుని, దానికే అంటుకుపోయింది. కేక విని పరుగున వచ్చి, మెయిన్ ఆపి ఆమెను బతికించింది ఆయనే.

"ఎవరు చేసిన్రు ఈ వైరింగు?" అని చేరిన జనం అడిగారు.

"ఇతనే" అన్నాను.

ఆయన కొత్త సాకెట్ వైపు చూశాడు. నన్ను చూశాడు. "అమ్మకు జర నీళ్లు తాపుండ్రి" అని మాత్రం అన్నాడు.

ఆ తరువాత మా వాడలో ఆయనను పనికి పిలిచేవారు లేకపోయారు. రోజూ కామ్‌రేజ్ దాకా పోయి పని చేసుకునేవాడు. అయినా ప్రతి ఏకాదశికీ నా పురాణం వినడానికి వచ్చి వెనుక వరుసలో కూర్చునేవాడు. నేను సత్యమహిమను శ్లోకాలతో వర్ణిస్తుంటే తల ఊపేవాడు.

ఈ ఉదయం కర్మ ముగిశాక, ఆ సాకెట్ మార్పించింది నేనేనని అందరి ముందూ చెప్పాను. ఆయన భార్య తల ఎత్తకుండానే అంది:

"'నువ్వన్న అందరికి చెప్పు' అని ఆయనతోని నేను కొట్లాడిన పంతులుగారూ. 'ఆయన పెద్దమనిషి, ఓ దినం ఆయనే చెప్తడు' అన్నడు. గందుకే ఏకాదశి తప్పకుండ వచ్చి కూసునేటోడు."

గోడకు ఆనుకుని, చెవి ఒగ్గి, ఆయన ఇప్పటికీ నా కళ్లెదుట కూర్చునే ఉన్నాడు. నా తరువాతి వారలారా, మీ తప్పు ఎవరి ముందు ఒప్పుకోవాలో వారు వినగలిగి ఉండగానే మీకు నోరు పెగలుగాక.