ర్యామ్‌కి పెట్టిన బొట్టు

ఉద్యోగంలో చేరిన కొత్తలో మనకన్నీ వచ్చనే భ్రమ ఒకటుంటుంది చూడండి, జీతం కంటే అదే ఎక్కువ సుఖం. ఆ రోజుల్లో నేను ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో పిన్ని వాళ్లింట్లో ఉంటూ నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వెలగబెట్టేవాణ్ణి. ఆదివారం సాయంత్రాలు ఆఫీసు జట్టుతో ఆన్‌లైన్‌లో తుపాకుల ఆట. ప్రతిసారీ మొదట చచ్చేది నేనే. "నా తప్పేం లేదు, ర్యామ్ చాలక లాప్‌టాప్ ఆగిపోతోంది" అని ఊరంతా చెప్పుకున్నాను. (గేమింగ్ లాప్‌టాప్ అని గొప్పగా కొన్నదీ, అందులో తక్కువ ర్యామ్‌ది ఏరుకున్నదీ నేనే.) చివరికి మా టీమ్ లీడర్ విసిగిపోయి, "ఆఫీసు పోటీ ఫైనల్ లోపల ర్యామ్ మార్చు, లేదంటే నిన్ను మారుస్తాం" అన్నాడు. నా పరువంతా ఆ చిన్న మెమరీ పలక మీద పడింది.

ఫైనల్ ముందురోజు ఢిల్లీలో కంప్యూటర్ల బజారైన నెహ్రూ ప్లేస్ వెళ్లి కొత్త ర్యామ్ తెచ్చాను. ఫైనల్ రోజు పొద్దున్నే ప్యాకెట్ విప్పి, మురిసిపోయి, బల్ల మీద పెట్టి స్నానానికెళ్లాను. వచ్చి వీడియో చూస్తూ లాప్‌టాప్ అడుగు ఊడదీశాను. (కంప్యూటర్ ఇంజినీరునే గాని, దాని లోపల ఎలా ఉంటుందో అప్పటిదాకా చూసిన పాపాన పోలేదు.) ర్యామ్ అంచుకి బంగారు పూత ఉంటుందని వీడియోవాడు చెప్పాడు. నా ర్యామ్ అంచు పచ్చగా మెరిసిపోతోంది, అసలు సరుకే! మధ్యలో ఎర్ర చుక్క కంపెనీ ముద్ర కాబోలనుకుని బిగించేశాను. మీట నొక్కితే ఫ్యాన్ తిరిగింది, తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. దుకాణంవాడికి ఫోన్ చేసి, "భయ్యా, నక్లీ మాల్ దే దియా!" అని ఎగిరాను.

"ఎవరి మీదరా ఆ కేకలు?" అంటూ పిన్ని వంటింట్లోంచి వచ్చింది.

"దొంగ సరుకు అంటగట్టాడు పిన్నీ!"

"అపశకునం మాటలాడకు. నువ్వు స్నానానికెళితే దాన్ని దేవుడి దగ్గర పెట్టి, పసుపు రాసి, బొట్టు పెట్టి మరీ బల్ల మీద ఉంచానే!"

(ఆ ఇంట్లో గీజరుకి కూడా బొట్టుంది.) ఫోన్లో దుకాణంవాడు ఇంకా "హలో, హలో" అంటున్నాడు. చప్పుడు చేయకుండా పెట్టేశాను. తొమ్మిదో తరగతి చదివే పిన్ని కూతురు పగలబడి నవ్వుతూ, "భయ్యా, ఆప్ ఇంజినీర్ హో నా?" అని తన పెన్సిల్ రబ్బరు చేతికిచ్చింది. పసుపంతా రుద్ది తీసి మళ్లీ బిగించేసరికి తెర వెలిగింది.

సాయంత్రం ఆటలో లాప్‌టాప్ ఎక్కడా ఆగలేదు, తడబడలేదు. నేను చావడం కూడా ఎంతో సాఫీగా కనిపించింది. మళ్లీ అందరికంటే ముందు నేనే. వెనక నుంచి చెల్లెలు, "అబ్ క్యా బోలోగే, భయ్యా?" అంది, ఇప్పుడేం చెబుతావన్నట్టు.

"నెట్ స్లో" అన్నాను.

"ఆడలేక మద్దెల ఓడు అన్నాట్ట" అంది పిన్ని.

తర్వాతి ఆదివారం నుంచి నన్నెవరూ ఆటకి పిలవలేదు. ఇప్పుడు ఆఫీసులో ఏదైనా చెడితే తప్పు నాదేనని చటుక్కున ఒప్పేసుకుంటున్నాను. అందరూ దాన్ని పెద్దరికం అంటున్నారు. ఓడిన మరుక్షణం కళ్లార్పకుండా "నెట్ స్లో" అన్న ఆ కుర్రాడి ధైర్యం మాత్రం నాకిప్పుడు లేదు.