సెంటు కోసం చికాగో

నిరుడు జ్వరం తగ్గాక మా ఆవిడ కరుణకు వాసనలు తెలియకుండా పోయాయి. ఈ మధ్య తిరిగొచ్చాయి గానీ వంకరగా వచ్చాయి. కాఫీ, ఉల్లిపాయ, నేను పదేళ్లుగా వాడుతున్న నిమ్మవాసన సెంటు, అన్నీ కాలిన రబ్బరే. నేను సెంటు మానేశాను. మొన్న తనే అంది: "చలికాలానికి ముదురు వాసనది కొందాం. నా ముక్కుకి ఏది పడుతుందో చూద్దాం."

డిసెంబరు శనివారం ఉదయం ఎనిమిదింబావుకు మా ఊరు, చికాగో శివారు అరోరాలో లోకల్ రైలెక్కాం. టికెట్లు ఫోన్‌లోనే తీసుకున్నాం. ఎదుటి సీట్లో వరంగల్ అమ్మాయి, ఎం.ఎస్. చదువుతోందట. మా మాటలు విని నవ్వింది.

"షాపుల కాగితం మీద కొట్టి చూపిస్తే అన్నీ మంచిగనే ఉంటయ్ అంకుల్. చేతి మీద కొట్టుకొని గంట ఆగుండ్రి."

"అంకుల్ వినండి," అంది కరుణ, ఆ మొదటి మాటను కాస్త సాగదీసి.

పదికల్లా చికాగోలో దిగి, గాలికి ఎదురు నడిచి, స్టేట్ స్ట్రీట్‌లో ఒక పెద్ద దుకాణానికి చేరాం. అమ్మే ఆవిడ వరుసగా సెంటు చల్లిన కాగితం ముక్కలు అందించింది. తోలు వాసనది చూసి కరుణ, "చెప్పుల కొట్టు," అంది. పొగ వాసనది చూసి, "చర్చి పిక్నిక్‌లో చికెన్ మాడ్చిన రోజు మీ చొక్కా," అంది. నాలుగోదాన్ని ముక్కు దగ్గర్నుంచి తియ్యలేదు.

"వెటివర్. చలికి వెచ్చగా ఉంటుంది," అంది అమ్మే ఆవిడ.

"వట్టివేళ్లండీ," అంది కరుణ నాతో. "మనం ఎండాకాలం చల్లదనానికి తడికెలు కడితే, వీళ్లు చలికి పూసుకుంటున్నారు."

నా మణికట్టు మీద కొట్టించుకుని బయటికొచ్చాం. తిరిగి స్టేషన్‌కి వచ్చి, లోపల బెంచీ మీద, ఇంటి నుంచి తెచ్చుకున్న పెరుగన్నం తిన్నాం. కాలిన వాసనగా మారుతుందేమోనని ఇద్దరికీ భయమే. పన్నెండున్నరకు కరుణ నా గ్లవ్ లాగేసి వాసన చూసింది. మళ్లీ చూసింది.

"తడిమట్టి," అంది. "మట్టిలాగే ఉందండీ." స్టేషన్ లోపలే కూర్చుని ఉన్నా, కళ్లు తుడుచుకుంటూ, "చలిగాలి," అంది.

వెనక్కి వెళ్లి చిన్న సీసా కొన్నాం. పెద్దది నా జీతానికి మరీ ముదురు వాసన.

సెంటుకి వెళ్లేవారికి నేను చెప్పేది ఒక్కటే: పక్కన కూర్చునే మనిషిని వెంట తీసుకెళ్లండి. తిరుగు రైల్లో కరుణ నా చేతిని ముక్కు దగ్గర పెట్టుకుని నిద్రపోయింది. నేపర్‌విల్ స్టేషన్ దగ్గర చెయ్యి తిమ్మిరెక్కి కదిలించబోతే, కళ్లు తెరవకుండానే, "ఉంచండి," అంది. అరోరా దాకా ఉంచాను.