చేతులు దూరని చొక్కా

థోవా కత్తెర పసుపు కాగితం మీద నడుస్తూనే ఉంది. ముందు మెడ, తర్వాత చంకలు, చివర అంచు. గీత గీసి కత్తిరించడం ఆవిడ ఏనాడో మానేసింది. హ్యూ నగరపు కోటలో, తూర్పు ద్వారం దగ్గరి సందులో, పోయినవాళ్లకి చేరాలని మంటలో వేసే కాగితపు చొక్కాలు చేసేది ఇప్పుడు ఆవిడ ఒక్కతే. మొగుడు బతికున్నప్పుడు ఆయన కత్తిరిస్తే ఈవిడ అతికించేది. ఆయన పోయాక రెండు పనులూ ఈవిడ మీదే పడ్డాయి.

గుమ్మం ముందు రిక్షా ఆగింది.

“థోవా అక్కా, నీ మేడ మీద గది ఖాళీయేనా?” రిక్షా తొక్కే క్విన్ గొంతు అది. “ఈ సైగాన్ అమ్మాయిని పేట పేటకీ తిప్పుతున్నా. పిల్లి కూడా పిల్లల్ని ఇన్ని ఇళ్లు తిప్పదు.”

“నీకు గిరాకీయేగా, ఏడుపెందుకు?” అంది థోవా తలెత్తకుండా.

“గిరాకీకేం. ఈ పిల్ల ఒక్కతే ఎక్కుతుంది. బండి మాత్రం ఇద్దరెక్కినంత బరువుంటోందక్కా.”

ఆ అమ్మాయి లోపలికొచ్చింది. పేరు ఉయెన్. బయట ఎండ మండిపోతోంది, ఆమె మాత్రం ఉన్ని స్వెటరు మెడదాకా బిగించుకుని ఉంది.

“పిన్నీ, ఈ ఊళ్లో నిద్ర పట్టే పేట ఏదో మీరైనా చెప్పండి. మొదట ఈ కోటలోనే దిగాను. రాత్రి మంచం కాళ్ల దగ్గర ఎవరో నిలబడ్డాడు. భయమేసి గియాహోయ్ పాత బజారుకి మారాను. అక్కడికీ వచ్చాడు. నది దాటి కొత్త హోటళ్ల వైపు వెళ్లాను. అక్కడా అంతే. ఇవాళ కూడా నిద్ర లేకపోతే నాకు పిచ్చెక్కుతుంది.”

“ఏం చేస్తాడు?”

“ఏమీ చెయ్యడు. నిలువెల్లా తడిసి వణుకుతుంటాడు. భుజాల మీద పసుపు చొక్కా ఉంటుంది. అందులోకి చెయ్యి తోస్తాడు. దూరదు. మళ్లీ తోస్తాడు. తెల్లారేదాకా అదే పని.”

కత్తెర ఆగింది.

“కోట శత్రువుల చేతిలో పడ్డ తిథికి ఈ ఏడు ఎక్కడున్నావ్?”

“ఇక్కడే. నేను దిగిన ఇంటావిడ వీధిలో గంజి, నీళ్లు పెట్టి మంట వేసింది. ఎప్పుడో కోట పడిన రోజున పారిపోతూ, తొక్కిసలాటలో కందకంలో పడి పోయినవాళ్లు చలి కాచుకోవాలట. నా చేతికీ ఓ చొక్కా ఇచ్చి మంటలో వెయ్యమంది.”

థోవా లేచి, ఆ తిథికి చేయగా మిగిలిన కట్ట దింపింది. పైనున్న చొక్కా చేతిలోకి రెండు వేళ్లు పెట్టింది. వెళ్లలేదు, లోపల అంటుకుపోయి ఉంది. ఇంకోటి తీసింది. అదీ అంతే. ఆ వారం వానముసురు. జిగురు పట్టడం లేదని ఎక్కువ రాసి, పచ్చిమీదే దొంతర పెట్టేసింది. ఆరేలోపు ప్రతి చేతిలోంచీ వెదురుపుల్ల దూర్చి తీసేవాడు మొగుడు. గిరాకీ హడావిడిలో ఈ ఏడు ఆవిడ ఆ పుల్ల ముట్టుకోలేదు.

“పోనీ వీదా పేటకి తీసుకెళ్లనా? అక్కడ నది గాలి బాగా...” అన్నాడు క్విన్.

“నోర్ముయ్యరా. పేట మారిస్తే వదుల్తాడా? తొడుక్కోలేని చొక్కా చేతికిస్తే ఎవరైనా ఇచ్చినవాళ్ల దగ్గరికే తిరిగొస్తారు.” థోవా కొత్త కాగితం పరిచింది. “అమ్మాయ్, అతను ఎంత పొడుగుంటాడు?”

ఉయెన్ థోవా వెనక, తలకి జానెడు పైకి చూస్తూ ఉండిపోయింది.

“అదిగో, అంత పొడుగు” అంది చివరికి, చాలా మెల్లగా.

థోవా వీపుకి చల్లగా తగిలింది. కందకంలో తామరతూళ్లు కుళ్లిన వాసన వచ్చింది. వెనక్కి తిరగలేదు. చాలా ఏళ్ల తర్వాత పెన్సిలు తీసి గీత గీసింది. చేతులు బొటనవేలంత పొడుగు పెంచింది. జిగురు పల్చగా రాసింది. వెదురుపుల్ల దూర్చి, తిప్పి, తీసింది. ఆరేదాకా క్విన్ గుమ్మంలోనే నిలబడిపోయాడు, లోపలికి అడుగు పెట్టలేదు.

పొద్దు వాలుతుండగా ద్వారం పక్కన, కందకం గట్టున క్విన్ మంట వేశాడు. థోవా చొక్కా చేతుల్లోకి తన చెయ్యి దూర్చి చూసుకుని, ఉయెన్‌కి అందించింది.

“నువ్విచ్చిందే కదా. మళ్లీ నువ్వే ఇయ్యి.”

ఉయెన్ దాన్ని మంట మీద పరిచింది. మెడ అంటుకుంది, అంచు అంటుకుంది. గాలి లేదు. అయినా కాగితం చేతులు మెల్లగా ఉబ్బాయి, ముందు ఎడమది, తర్వాత కుడిది.

ఉయెన్ స్వెటరు బొత్తాలు విప్పుకుంది.