లస్మవ్వ జానెడు

1996 జూన్‌లో నన్ను ఆర్మూరుకు బదిలీ చేశారు. హోదా వర్క్ ఇన్‌స్పెక్టర్. ఇంజనీర్లు ఉండే శాఖల్లో ఇది కింది మెట్టు ఉద్యోగం. నా కింద కూలీలతో పని చేయించే మేట్, అతని కింద రోజుకూలీలు. నా పైన ఏఈ, డీఈ, ఆపైన డివిజన్ మొత్తానికి పెద్ద అయిన ఈఈ. శాఖ పేరు ఇక్కడ అవసరం లేదు. నేను పదో తరగతితో చదువు ఆపాను. వైశాల్యాలు, ఘనపరిమాణాలు, మట్టిపని లెక్కలు పాత ఎస్టిమేట్ కాగితాలు ముందు పెట్టుకుని సొంతంగా నేర్చుకున్నాను. అందుకే నా లెక్క మీద నాకు నమ్మకం ఎక్కువ. లెక్క రాని మనుషుల మాట మీద తక్కువ.

ఊరి బయట పోచంపాడ్ పోయే దారిలో మా శాఖ విశ్రాంతి గృహం ఉండేది. దాని మరమ్మతులు, తోట నాకు అప్పగించారు. తోటలో ఇరవై అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు గల పూలమడులు ఎనిమిది, మధ్యలో పద్నాలుగు అడుగుల వ్యాసం గల గుండ్రటి మడి ఒకటి. ప్రతి మడి చుట్టూ ఇటుకలను ఏటవాలుగా, రంపపు పళ్ళలా పాతి, ఒకదానికి సున్నం, ఒకదానికి ఎర్రటి జాజు పూసేవాళ్ళు. ఇటుకల వెంట లోపలి వైపు గులాబీలు ఒక వరుస. మొత్తం అరవై నాలుగు.

మాలి పని చేసేది లస్మవ్వ. అప్పటికి నలభై దాటి ఉంటుంది. పన్నెండేళ్ళ వయసు నుంచి బీడీలు చుట్టిన మనిషి. తంబాకు ఘాటుకు దగ్గు ముదిరి, దవాఖానలో ఇక చుట్టొద్దని గట్టిగా చెబితే, ఈ తోటలో రోజుకూలీగా చేరింది. మస్టర్‌లో, అంటే కూలీల హాజరు పట్టికలో, తొమ్మిదేళ్ళుగా ఆమె పేరు ఉంది. ఆ ఏడు పాత రోజుకూలీలను పర్మనెంట్ చేయడానికి పేర్లు పైకి పంపుతున్నారు. మా సెక్షన్ నుంచి వెళ్ళే జాబితాలో ఆమెది మూడో పేరు. ఆ కాగితం దాటితే ఆమె మళ్ళీ తంబాకు ముట్టనక్కర లేదు. ఈ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

పూలతోటలో అందరూ పువ్వు చూస్తారు గాని, తోటను చక్కగా చూపించేది అంచు. గడ్డి ఇటుకల మీదికి ఎక్కి మడిలోకి పాకితే ఎంత మంచి గులాబీ అయినా పాడుబడ్డ ఇంటి ముందు పూసినట్టు ఉంటుంది. లస్మవ్వ గొంతుక్కూర్చుని ఖుర్పీతో, అంటే గడ్డి చెక్కే చిన్న చేతిపారతో, అంచు తీసేది. నీళ్ళు పెట్టడం, ఊడ్వడం పోగా రోజుకు నలభై ఆరు అడుగులు. మొత్తం అంచు నాలుగు వందల అరవై అడుగులు. అంటే పది రోజులు. వానాకాలంలో చివరి మడికి వచ్చేసరికి మొదటి మడి అంచు మళ్ళీ మూసుకుపోయేది.

జూలైలో ఈఈ గారు హైదరాబాదు నుంచి ఒక గడ్డి కోసే మిషను తెప్పించారు. పొడుగాటి గొట్టం, పై కొసన చిన్న పెట్రోలు ఇంజను, కింది కొసన తిరిగే తల. బ్లేడు ఉండదు. తలలోంచి బయటికి వచ్చే నైలాన్ తీగ వేగంగా తిరిగి గడ్డిని కొడుతుంది. గల్ఫ్‌లో తోటపని చేసి వచ్చినవాళ్ళు దాన్ని చూసి గుర్తుపట్టారు. దాంతో మా దగ్గర అందరూ దాన్ని దుబాయి మిషిని అనేవాళ్ళు. నడిపే బాధ్యత నాది.

తల వెనక ఒక ప్లాస్టిక్ రేకు ఉంటుంది. రాళ్ళు ఎగిరి కాళ్ళకు తగలకుండా ఒక కారణం. రెండోది, దాని అంచున చిన్న కత్తి ఉంటుంది. తీగ ఐదంగుళాలు దాటితే అది కోసేస్తుంది. నేను కాగితం మీద లెక్క వేశాను. తీగ ఐదంగుళాలే ఉంటే ఇటుకల లోపలి గడ్డి పట్టీకి రెండు సార్లు నడవాలి. ఎనిమిది అంగుళాలు ఉంటే ఒక్కసారి చాలు. నిమిషానికి నాలుగు అడుగుల చొప్పున నూట పదిహేను నిమిషాలు. పది రోజుల పని రెండు గంటల లోపు అయిపోతుంది. రేకుకు రెండే స్క్రూలు. విప్పేశాను. అది నిబంధనకు విరుద్ధమని మిషనుతో వచ్చిన పుస్తకంలో రాసి ఉంది. చదివాను కూడా.

గులాబీలు ఇటుకకు ఎంత దూరంలో ఉన్నాయని లస్మవ్వను అడిగాను.

"జానెడు సారు. అన్ని జానెడే. కొలిసి పెట్టిన."

మూర పద్దెనిమిది అంగుళాలు, జాన తొమ్మిది. మా నాన్న నేర్పిన కొలత. మిషను తల ఇటుక అంచు మీదే నడుస్తుంది కాబట్టి తొమ్మిదిలోంచి ఎనిమిది పోతే ఒకటి. మొక్కకూ తీగకూ మధ్య అంగుళం ఖాళీ ఉందని నోటు పుస్తకంలో రాసుకున్నాను. జేబులో టేపు ఉంది. తీయలేదు.

ఆగస్టు రెండో వారంలో మిషను నడిపాను. పొగకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని లస్మవ్వ దూరంగా నిలబడింది. "గంత సప్పుడు జేస్తే గడ్డి భయపడి ఉరుకుతదా సారు?" అన్నది. కూలీలు నవ్వారు. నేనూ నవ్వాను. నూట పది నిమిషాల్లో పని ముగిసింది. అంచులు స్కేలు పెట్టి గీసినట్టు వచ్చాయి. ఆ సాయంత్రమే ఈఈ గారు చూసి మెచ్చుకున్నారు.

మరునాడు పొద్దున లస్మవ్వ నన్ను మడి దగ్గరికి పిలిచింది. మొదళ్ళకు అంటుకున్న గడ్డి తుక్కును తుడుస్తూ ఉంది.

"సారు, గీ చెట్ల మెడలు సూడుండ్రి."

నేల నుంచి మూడు వేళ్ళ ఎత్తున కాండం చుట్టూ తొక్క లేచిపోయి తెల్లటి కట్టె కనిపిస్తోంది. కొన్నింటికి ఒక పక్క, కొన్నింటికి ఉంగరం తొడిగినట్టు చుట్టూరా.

"ఆకులు పచ్చగనే ఉన్నయి గదా, అదే అతుకుతది," అన్నాను.

"దుబాయి మిషినికి కండ్లు లెవ్వు సారు. మీకున్నయి గదా," అన్నది. కోపంగా కాదు, హాస్యానికే అన్నది. ఆ మధ్యాహ్నం ఇంటి నుంచి పసుపు తెచ్చి, ఆవుపేడలో కలిపి, గాయమైన ప్రతి మొదలుకూ పూసి పాతగుడ్డ చుట్టింది. మా ప్రాంతంలో మనిషికి తెగినా, ఎద్దుకు తెగినా ముందు చెయ్యి పోయేది పసుపు మీదికే.

చుట్టూరా తొక్క పోయిన మొక్క వెంటనే చావదు. వేరు నుంచి నీళ్ళు కట్టె గుండా పైకి పోతూనే ఉంటాయి. ఆకు తయారుచేసే ఆహారం మాత్రం తొక్క గుండా కిందికి దిగాలి. ఆ దారి తెగితే వేరు మాడుతుంది, ఆ తర్వాత పైభాగం ఎండుతుంది. ఇది నేను తరువాత తెలుసుకున్నాను. మూడో వారంలో ఆకులు వేలాడాయి. ఐదో వారానికి ముప్పై ఏడు గులాబీలు కట్టెలయ్యాయి.

పై అధికారి ఒకరు బస చేయడానికి వస్తారని, ముందుగా చూడటానికి ఈఈ గారు వచ్చారు. ఎండిన వరుస చూసి ముఖం మారింది. వంగి ఒక గుడ్డ విప్పారు. పసుపు పచ్చటి ముద్ద రాలింది.

"ఏందయ్యా ఇది? ఎవరు పూసిండ్రు?"

"లస్మవ్వ సార్," అన్నాను.

లస్మవ్వ పంపు దగ్గర ఉంది. మా మాటలు ఆమెకు వినబడవు.

"పచ్చిపేడ వేడికి చెట్టు బతుకుతదా? తొమ్మిదేండ్ల సంది నేర్సుకున్నది గిదేనా?" అని, మర్నాటికల్లా రిపోర్టు ఇమ్మన్నారు. నేను నోరు తెరవలేదు. తెరిస్తే రేకు ఎందుకు విప్పావని అడుగుతారు. ఒక మెమో వస్తుంది, సర్వీసు పుస్తకంలో ఒక హెచ్చరిక పడుతుంది. అంతకు మించి ఏమీ కాదు.

ఆయన వెళ్ళాక టేపు పట్టుకుని ఒక్కో మొక్క దగ్గర కూర్చున్నాను. తొక్క చుట్టూరా పోయినవి ముప్పై ఏడు. ముప్పై ఏడూ చనిపోయాయి. ఒక పక్కనే గాయమైనవి ఇరవై ఒకటి. వాటికీ అదే పేడ, అదే పసుపు. ఇరవై ఒకటీ బతికి ఉన్నాయి, కొన్నింటికి గుడ్డ కింద గాయం అంచులు మూసుకుంటున్నాయి. అసలు తగలనివి ఆరు. మొత్తం అరవై నాలుగు. చంపింది పేడ అయితే ఆ ఇరవై ఒకటి కూడా చచ్చి ఉండాలి. ఆమె మందు హాని చేయలేదని దీనికంటే తేట లెక్క ఉండదు.

లస్మవ్వను పిలిచి, గులాబీ నాటినప్పుడు కొలిచినట్టే జాన పెట్టమన్నాను. ఇటుక మీద బొటనవేలు ఆనించి చిటికెనవేలు చాపింది. టేపు పెట్టి చూశాను. ఏడంగుళాలు, తీగ కంటే అంగుళం తక్కువ.

"ఏమాయె సారు?"

"ఏం లేదు. నీ జాన ఏడంగుళాలే ఉన్నది."

"నా చెయ్యి నా తీరుగనే ఉంటది గదా," అని నవ్వి మళ్ళీ పంపు దగ్గరికి పోయింది.

ఆ మధ్యాహ్నం రాసిన రిపోర్టులో మూడు వాక్యాలు ఉన్నాయి. అరవై నాలుగు గులాబీలలో ముప్పై ఏడు చనిపోయినవి. చనిపోయిన మొక్కల మొదళ్ళకు పసుపు, పేడ కలిపిన ముద్ద పూయబడి ఉన్నది. సదరు ముద్దను మాలి లస్మవ్వ ఎవరి అనుమతీ లేకుండా పూసినది. మిషను మాట లేదు. బతికిన ఇరవై ఒకటి లేవు. ఏడంగుళాలు లేవు.

జాబితాలో ఆమె పేరు ఎదుట "పని తృప్తికరముగా లేదు" అని రాసి కొట్టేశారు. నెలాఖరుకు మస్టర్‌లోంచి కూడా తీశారు. ఆ సాయంత్రం ఖుర్పీ కడిగి, తుడిచి, స్టోరు గదిలో అప్పగించి నా బల్ల ముందుకు వచ్చింది.

"ఏం రాసిండ్రు సారు?"

"ఉన్నదే రాసిన."

"ఉన్నదంత రాసిండ్రా?"

నేను స్టోరు రిజిస్టర్‌లో ఖుర్పీ జమ రాస్తూ ఉన్నాను. ఆమె వెళ్ళిపోయింది.

1999లో ఒక ఇంటి కొలతల పని మీద ఆమె ఉండే గల్లీలోకి వెళ్ళవలసి వచ్చింది. పక్కింటి ఆడవాళ్ళతో గడప మీద కూర్చుని ఉంది. ఒళ్ళో చాట, చాటలో తంబాకు, పక్కన తడిగుడ్డలో ఆకు. రేకు అచ్చు ఆకు మీద పెట్టి కత్తెరతో కోస్తోంది. మనిషి చిక్కిపోయింది. నన్ను చూసి గుర్తుపట్టింది.

"మిషిని మంచిగ నడుస్తున్నదా సారు?"

నడుస్తోందన్నాను. పని ఎట్లా ఉందని అడిగాను. అడగకూడని ప్రశ్న అని నోట్లోంచి వచ్చాక తెలిసింది.

"మంచిగుంది. గీడ జానెడు లెక్క నడవది సారు. అచ్చుంటది," అని కోసిన ఆకు ఎత్తి చూపింది. పక్కింటి ఆడవాళ్ళకు ఆ మాట అర్థం కాలేదు. ఆ తర్వాత దగ్గు తెర వచ్చి చాట పక్కన పెట్టింది. నేను కొలతల పని ఉందని చెప్పి కదిలాను.

రిపోర్టును సరిదిద్దుతూ ఒక ఉత్తరం రెండు సార్లు రాశాను. రెండు సార్లూ ఇవ్వలేదు. మొదటిసారి ఆ ఈఈ గారే ఉన్నారని, రెండోసారి ఆయన బదిలీ అయి వెళ్ళిపోయారని.

తర్వాత నా కింద పనిచేసినవాళ్ళకు మిషను గురించి రెండు సంగతులు నేర్పాను. రేకు విప్పకూడదు. ఎవరి జానా నమ్మకుండా ఇటుకకూ మొక్క మొదలుకూ మధ్య టేపు పెట్టి కొలవాలి. రిపోర్టు గురించి కూడా ఒకటి నేర్పి ఉండవలసింది. జరిగిన దానిలో తన చెయ్యి ఎంత ఉందో మొదటి వాక్యంలోనే రాయాలని, అది రాయకపోతే తరువాతి వాక్యాలు నిజమైనా పనికిరావని. ఎట్లా తెలుసని వాళ్ళు అడుగుతారని నేర్పలేదు.

ఆ రిపోర్టు నకలు నా దగ్గర ఉంది. ఇది రాసే ముందు మళ్ళీ సరిచూశాను. అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి.