తాళం తీయని లెక్క

మా వీధి నిలిచింది, మా వీధి జనమూ నిలిచారు. ఇందులో న్యాయస్థానం చేసిన మేలు కొంత ఉంది. దాని మెట్లెక్కి అరిగిన నా చెప్పులకూ కొంత వాటా ఇవ్వవచ్చు. కానీ అసలు కృతజ్ఞత చెందవలసింది ఆకాశపు అంచున పుట్టి నేలలోకి దూసుకుపోయే కొన్ని కణాలకు, అవి చాలినన్ని వచ్చేదాకా పెట్టె తాళం తీయనివ్వని మా మేనత్తకు. నా చదువు నాకు వాదించడం నేర్పింది గాని కృతజ్ఞత చెప్పడం నేర్పలేదు. ఆ పని ఇప్పుడు చేస్తున్నాను.

అత్త ఒక కణభౌతిక పరిశోధనశాలలో సాంకేతిక నిపుణురాలు. శాస్త్రవేత్తలు ప్రశ్నలు వేస్తారు. ఆ ప్రశ్నలకు కళ్ళు తయారుచేసే పని ఆవిడది. ఆ కళ్ళు ప్లాస్టిక్ పలకలు. విద్యుదావేశం ఉన్న కణం పలక గుండా దూసుకుపోతే లోపల ఒక చిన్న మెరుపు పుడుతుంది. కాంతి మన కంటికి ధారగా కనిపిస్తుంది గాని, అది వచ్చేది గింజలు గింజలుగా. మరింత చిన్న ముక్క చేయడానికి వీలులేని గింజలుగా. పలక చివర అమర్చిన గాజుగొట్టం ఒక్క గింజ తగిలినా పసిగట్టగలదు. అంత సున్నితమైన గొట్టం కాబట్టే, సూదిమొన పట్టేంత సందులోంచి గదిలోని వెలుగు దూరినా చాలు, లేనివన్నీ లెక్కపెట్టేస్తుంది. అందుకని పలకలను నల్లకాగితంతో చుట్టి, అంచులు మడిచి, నల్లటేపు వేయాలి. ఆ చుట్టడంలో అత్తది చెయ్యి తిరిగిన పని. పరిశోధనశాలలో ఆవిడను 'నల్లకాగితం' అనే పిలుస్తారు. ఇంట్లోనూ అదే ధోరణి: నా చిన్నప్పుడు బడికి కట్టిచ్చిన రొట్టెల పొట్లం విప్పేసరికి తినే సమయం సగం అయిపోయేది.

ఆవిడ ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక గ్రాఫు మీద ఎవరూ అనుకోని చోట చిన్న గూని లేచిందట. కొత్త కణం దొరికిందనుకున్నారు. మిఠాయిలు పంచుకున్నారు; అత్త బల్ల ఎక్కి ఆడిందని ఆవిడ సహోద్యోగి ఒకాయన ఇప్పటికీ ఏడిపిస్తాడు. లెక్క ఇంకా సాగేసరికి గూని చదునైపోయింది. కణమూ లేదు, ఏమీ లేదు.

"గూని కనబడగానే మేం పలకల్ని పరీక్షించడం మానేశామే," అని చెబుతుంది అత్త. "లెక్క నచ్చకపోతే పరికరాల్ని అనుమానిస్తాం. నచ్చితే వాటికి దణ్ణం పెడతాం. ఎవరూ మోసం చేయలేదు. అందరం మంచివాళ్ళమే, అదే చిక్కు."

అప్పటి నుంచి వాళ్ళ బృందం ఒక పద్ధతి పెట్టుకుంది. ఎంతకాలం లెక్కపెట్టాలో, చెడిన లెక్కను ఏ కారణం మీద తీసివేయాలో ముందుగానే నిర్ణయించి, జవాబును మూసిపెట్టడం. పని అంతా ముగిశాకే తెరవడం. కణభౌతికంలో ఈ ఆచారం చాలాచోట్ల ఉంది. ఎవరి వ్యాజ్యాన్ని వారే విచారించరాదన్న సూత్రాన్ని మేము న్యాయకళాశాలలో ఎంతో గర్వంగా చదువుకుంటాం. తమ ఆశను కూడా ఒక కక్షిదారుగా గుర్తించి బయట నిలబెట్టిన వాళ్ళను మాత్రం నేను అత్త వృత్తిలోనే చూశాను.

మా వీధి ఒక వాలు మీద ఉంటుంది. ఇళ్ళు రాకముందు అక్కడ సున్నపురాయి తవ్వేవారని పెద్దవాళ్ళు చెప్పుకునేవారు. ఎక్కడ తవ్వారో ఎవరికీ గుర్తులేదు. కిందటి ఏడాది పై చివర ఇంటి గోడ పగిలింది. నగరపాలక అధికారులు వచ్చారు, చూశారు, వీధి మొత్తం ఖాళీ చేయమని ఉత్తర్వు అంటించి వెళ్ళారు. ఒక గోడ పగిలితే వీధినంతా తరిమివేయడం ఏ న్యాయమో నాకు అర్థం కాలేదు. కోర్టుకు వెళ్ళాను. "నేల కింద బోలు ఉందా, లేదా? ఉంటే ఎక్కడ?" అని న్యాయమూర్తి అడిగారు. అడగవలసిన ప్రశ్నే. ప్రతి ఇంటి కిందా రంధ్రం వేసి చూద్దామంటే, బలహీనమైన నేల ఆ అదురుకే కూలవచ్చని అధికారులే అన్నారు.

అప్పుడు అత్త నోరు విప్పింది. మా వీధి అడుగున మనిషి నిలబడేంత ఎత్తైన పాత మురుగుసొరంగం ఒకటి ఉంది. ఇప్పుడు వాడకంలో లేదు. అందులో పలకలు పెడితే పైనుంచి దిగే మ్యూయాన్లను లెక్కపెట్టవచ్చు. మ్యూయాన్ అంటే వరసకు ఎలక్ట్రాన్‌కు అన్న, బరువు మాత్రం రెండువందల రెట్లు. అంతరిక్షం నుంచి వచ్చే కణాలు మన గాలిని పైనే ఢీకొన్నప్పుడు చివరికి ఇవి పుట్టి కిందికి దూసుకొస్తాయి. రాయి వాటిలో కొన్నింటిని ఆపుతుంది, బోలు ఆపదు. ఏ దిక్కు నుంచి ఉండవలసినదానికన్నా ఎక్కువ వస్తే ఆ దిక్కున బోలు ఉన్నట్టు. పరిశోధనశాల పాత పలకలు ఇవ్వడానికి ఒప్పుకుంది. న్యాయమూర్తి అనుమతించారు, లెక్క తేలేదాకా ఉత్తర్వును నిలిపి ఉంచారు.

మా ఎదురింటి దర్జీ కొట్టులో వీధి సమావేశమైంది. కొట్టంటే వాళ్ళ ఇంటి ముందుగదే. ఆయన అత్తను అక్కా అంటాడు, అందువల్ల నాకు బాబాయి.

"ఈ మ్యూయాన్లు ఎప్పుడొస్తాయక్కా?" అని అడిగాడు.

"వస్తూనే ఉన్నాయి. ఇప్పుడే నీ అరచేతిలోంచి ఒకటి పోయుంటుంది."

బాబాయి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "తరవాతది ఎప్పుడు?"

"తెలీదు."

"నీకు తెలీదా, ఎవరికీ తెలీదా?"

"ఎవరికీ తెలీదు. అది ఎప్పుడు పోతుందో కూడా అంతే. మ్యూయాన్‌కి ముసలితనం రాదు, జబ్బు చేయదు. రెప్పపాటైనా బతకకుండా ఉన్నట్టుండి పోతుంది. ఎప్పుడు పోవాలన్నది దాని లోపల ఎక్కడా రాసి లేదు. ఒక్కదాని సంగతి నేను చెప్పలేను. లక్ష మ్యూయాన్లు ఇచ్చావనుకో, ఏ క్షణానికి ఎన్ని మిగులుతాయో గీత గీసి చూపిస్తా."

"అంటే ఒక్కొక్కదానికీ చట్టం లేదు, గుంపుకే ఉంది," అన్నాను.

"అదిగో, లాయరమ్మ వచ్చేసింది," అన్నాడు బాబాయి. "సరే గానీ అక్కా, దాని ఆయుష్షు రెప్పపాటు కూడా కాదంటున్నావు. అంత పైనుంచి ఇక్కడిదాకా ఎలా వస్తుంది?"

"పరుగు మీద ఉంటుంది కదా. అంత వేగంలో దాని గడియారం మన లెక్కకి నెమ్మదిగా నడుస్తుంది."

"మరి నాకు బట్టలిచ్చి పరిగెత్తేవాళ్ళ గడియారాలు వేగంగా తిరుగుతాయేం?"

అందరూ నవ్వారు, పిన్ని తప్ప. బాబాయి భార్య ఒక మూల కూర్చుని గుండీలు కుడుతూ ఉంది. దారం కొరికి, తల ఎత్తింది.

"వదినా, తప్పుగా అనుకోకు. నీ ఇల్లూ ఈ వీధిలోదే. లెక్కపెట్టేది నువ్వు. రేపు నీ ఇల్లు బాగుంది, మా ఇంటి కిందే బోలు అని చెబితే, మేమేమనుకోవాలి?"

అత్తకు కోపం రాలేదు.

"నువ్వు అడిగావు గనక సరిపోయింది. పలకలు పనిచేస్తున్నాయో లేదో చెప్పే దీపాలు లెక్క నమోదయ్యే పెట్టె బయట ఉంటాయి. అవి నేను చూస్తాను. ఏ దిక్కు నుంచి ఎన్ని వచ్చాయో లోపల ఉంటుంది. తాళంచెవి మీ ఇంట్లో పెట్టుకోండి. వానలు వెళ్ళేదాకా నేనడిగినా ఇవ్వొద్దు." అందరి వైపూ తిరిగింది: "ఇంకో మాట. భయంగా ఉన్నవాళ్ళు లెక్క కోసం ఆగొద్దు. పరిశోధనశాల వసతిగృహంలో గదులు అడిగి ఉంచాను. గోడ పగిలిన ఇంటివాళ్ళు ఇవాళే వెళ్ళండి."

కొందరు వెళ్ళారు. ఖాతాదారులు చెదిరిపోతారని బాబాయి వెళ్ళలేదు. ఆయన ఇంటి గోడకు గీత కూడా లేదు.

వానలు మొదలయ్యాయి. పొద్దున్నే అత్త రబ్బరు బూట్లు తొడుక్కుని సొరంగంలోకి దిగేది, దీపాలు చూసి ఉద్యోగానికి పోయేది. విచారణ తేదీ దగ్గరపడింది. నాకు ఓపిక లేదు; ఇళ్ళు వదిలి వెళ్ళినవాళ్ళు దారిలో కనిపించినప్పుడల్లా ఉన్న కాస్తా కరిగిపోయేది.

"సగం లెక్కైనా చెప్పత్తా. కోర్టులో నేను ఏదో ఒకటి చూపించాలి."

"సగం లెక్క నీకు నచ్చితే అక్కడితో ఆపేస్తావు. నచ్చకపోతే ఇంకా లెక్కపెట్టమంటావు. అవునా?"

"అవును," అన్నాను. కక్షిదారుల తరఫు న్యాయవాదిగా నేనిప్పటికీ అదే మాట అంటాను.

"అది లెక్క కాదే. బొమ్మ పడేదాకా నాణెం ఎగరేయడం."

ఆ వారంలోనే ఒక దీపం అదేపనిగా మిణుకుమంది. ఎలుక ఒక పలక మీది నల్లకాగితం కొరికేసింది. సొరంగం నోటి నుంచి వచ్చే పగటి వెలుగు అందులోకి కారుతోంది. ఎప్పటి నుంచి కారుతోందో తెలియదు. ముందు చేసుకున్న నిర్ణయం ప్రకారం, ఆ పలకను చివరిసారి పరీక్షించిన నాటి నుంచి వచ్చిన లెక్కంతా పారవేసి, అంతకాలమూ మళ్ళీ లెక్కపెట్టాలి. అంటే విచారణ తేదీ దాటడమే కాదు, పెట్టె తెరవడం ఇంకా వెనక్కి పోతుంది.

సంగతి విని బాబాయి తాళంచెవి పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"అక్కా, ఒక్కసారి తెరిచి చూద్దాం. ఆ పలక వల్ల ఎవరికీ నష్టం లేదని తేలితే ఆ లెక్క పారేయడం దేనికి? కష్టపడి పోగేసిందే కదా."

అత్త తాళంచెవి వైపే చూస్తూ కూర్చుంది. నేను ఆవిడ చేతులు చూశాను. చీర కొంగును పలక అంచులాగా మడుస్తున్నాయి, విప్పుతున్నాయి.

"నాకూ చూడాలనే ఉందిరా. పొద్దున లేచి నేల మీద కాలు మెల్లగా పెడుతున్నాను, తెలుసా? ఈ ఇల్లు కొనడానికి నేను ఎంత కష్టపడ్డానో నీకు తెలుసు."

"అయితే తెరుద్దామా?"

"వద్దు. ఎవరికి నష్టమో చూశాక, పారేయాలో వద్దో నేను నిజాయితీగా చెప్పలేను. జేబులో పెట్టుకో. త్వరగా పెట్టుకోరా నాయనా."

పెట్టుకున్నాడు. నేను కోర్టుకు వెళ్ళి గడువు అడిగాను. "సాక్షులు ఆకాశం నుంచి ఇంకా దిగుతున్నట్టున్నారు," అన్నాడు ఎదుటిపక్షం న్యాయవాది. కోర్టు హాలు నవ్వింది. "దిగనివ్వండి," అన్నారు న్యాయమూర్తి. ఆ ఒక్క మాటకు ఆయనకు నేను ఋణపడి ఉంటాను.

వానలు వెళ్ళి, పారవేసిన లెక్కా మళ్ళీ పూర్తయ్యాక, నగరపాలక ఇంజనీరు ఎదుట, వీధి జనమంతా సొరంగం నోటి దగ్గర నిలబడి ఉండగా, బాబాయి తాళం తీశాడు. తెరమీద వీధి అడుగుభాగం రంగుల్లో కనిపించింది. గట్టి నేల నీలంగా ఉంది. గోడ పగిలిన ఇంటి కింద నీలమే. ఆ గోడను పగలగొట్టింది కారుతున్న నీటిగొట్టమని తరువాత తేలింది. మా ఇంటి కిందా నీలమే. ఒకచోట మాత్రం ఎర్రటి మచ్చ. ఇంజనీరు పటం తీసి సరిచూసి, ఆ మచ్చ దర్జీ ఇంటి ముందుగది కింద మొదలై పక్కనున్న ఖాళీస్థలం కిందికి సాగిందని చెప్పాడు.

ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. పిన్ని ఆనాడు అడిగిన ప్రశ్న అందరికీ గుర్తొచ్చే ఉంటుంది. బాబాయి చేతిలోని తాళంచెవిని అటూ ఇటూ తిప్పాడు.

"నిన్ను తిడదామంటే కుదరడం లేదక్కా. ఇన్నాళ్ళూ ఇది నా జేబులోనే ఉంది."

పిన్ని అక్కడే మెట్టు మీద కూలబడింది. "మిషను కిందే," అని మాత్రం అంది. ఆ పూటే ఇల్లు ఖాళీ చేశారు.

ఖాళీస్థలం నుంచి ఏటవాలుగా రంధ్రం వేశారు. డ్రిల్లు చాలాసేపు రాతిని కొరుకుతూ రొద చేసింది. తరువాత ఒక్కసారిగా చప్పుడు లేకుండా లోపలికి జారిపోయింది. దించిన కెమెరాకు ఒక పెద్ద గది కనిపించింది, దాని పైకప్పు సగం ఊడి కింద పడి ఉంది. పెట్టె తెరిచాక పాత లెక్కలనూ చూడవచ్చు కాబట్టి, నేను సగం లెక్క అడిగిన రోజు ఏమి కనిపించి ఉండేదో అత్త తీసి చూపించింది. ఎలుక కొరికిన పలకలోని దొంగవెలుగు చుట్టుపక్కల దిక్కులన్నిటికీ పులుముకుని, మచ్చ విడిగా తేలకుండా, వీధంతా ఒకే రంగులో, ఎక్కడా బోలు లేనట్టే ఉంది. ఆ కాగితంతో నేను వ్యాజ్యం గెలిచి ఉండేదాన్ని. ఆ గెలుపు మీద పిన్ని మిషను తొక్కుతూ ఉండేది.

మిగిలిన ఇళ్ళ మీద ఉత్తర్వు రద్దయింది. బోలును నగరపాలక సంస్థ తన ఖర్చుతో నింపి, దర్జీ ఇంటిని దర్జీకి అప్పగించాలని న్యాయమూర్తి ఆదేశించారు. వెళ్ళినవాళ్ళంతా తిరిగి వచ్చారు. అప్పటిదాకా వసతిగృహంలో ఉన్న బాబాయి కుటుంబం, పని పూర్తయ్యేవరకు మా ముందుగదిలోకి మారింది.

సామాను దించుతున్నప్పుడు అత్త చెరో చేతిలో కత్తెర్ల డబ్బా, బట్టల మూట పట్టుకుని, ఎవరి ముఖమూ చూడకుండా లోపలికీ బయటికీ తిరుగుతోంది. పిన్ని గుమ్మంలో అడ్డం నిలబడింది.

"వదినా, నీ ఇల్లు గట్టిదని తేలినప్పటి నుంచి నువ్వొక్కసారి నవ్వలేదు. నేను గమనిస్తూనే ఉన్నా."

"మీ ముందు ఎలా నవ్వనే?"

"నవ్వు. ఇప్పుడు మేమున్నదీ దీంట్లోనే కదా."

అత్త మూట కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది.