తోడత్త పెట్టించిన నిబంధన

తోడత్త అసలు పేరేమిటో ఆస్పత్రిలో ఎవరికీ తెలీదు, ఎవరూ అడగలేదు కూడా. పురిటి గదిలో మంచం పక్కన నిలబడి, నొప్పులు పడే అమ్మాయి నడుం రుద్దడం, చెమట తుడవడం, చేయి పట్టుకుని ధైర్యం చెప్పడం ఆవిడ పని. మందూ సూదీ డాక్టర్లవి, మిగతాదంతా ఆవిడది. పనిమంతురాలే, కాదనను. కానీ ఆ నోరుందే, అది మాత్రం ఒక్క క్షణం ఊరుకోదు!

ఉన్నట్టుండి ప్రభుత్వానికి కాన్పు తోడు మనుషుల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఇకమీదట శిక్షణ ఉండాలి, పరీక్ష రాయాలి, మెళ్ళో కార్డుండాలి, అడపాదడపా తనిఖీ కూడా ఉంటుందన్నారు. నిబంధనల మీద మీ అభిప్రాయాలు చెప్పండంటూ ఓ మీటింగు పెట్టారు. మిగతావాళ్ళంతా టీ తాగి కిక్కురుమనకుండా కూర్చుంటే తోడత్త మైకు లాక్కుంది. అంతకు ముందే ఎవరో ఒకావిడ సొంత మేనకోడలికి తోడెళ్ళి, కనే పిల్లకంటే గట్టిగా ఏడ్చి గది టాపు లేపేసింది. ఆ మంట ఇంకా చల్లారలేదు.

"కార్డున్నవాళ్ళు సొంతవాళ్ళ కాన్పుకి వెళ్ళకూడదని రాసెయ్యండి సార్! అయినవాళ్ళని చూస్తే చేతులాడవు, బుర్ర పనిచెయ్యదు" అంది.

పర్యవేక్షణాధికారి ముచ్చటపడిపోయి అప్పటికప్పుడు రాసుకున్నాడు. చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చాక కూడా తోడత్త కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఆ తర్వాత ఆవిడ ఒక్కగానొక్క కూతురు నెల తప్పింది. పచ్చి మంచినీళ్ళు కూడా ఇమడక, "అమ్మా, కొన్నాళ్ళు నా దగ్గర ఉండవే" అని బతిమాలింది.

"ఉండకేం చేస్తానే పిచ్చిదానా! నీ కాన్పుకి పక్కన నేనే ఉంటాను. కార్డు లేకపోతే రానివ్వరట, అందుకేగా ఈ వయసులో చదువు వెలగబెడుతున్నాను" అంటూ సంచీ తగిలించుకుని క్లాసుకి వెళ్ళిపోయింది. తను మీటింగులో అన్న మాట తనకే వర్తిస్తుందని ఆ బుర్రకి తట్టలేదు. నిబంధనలు ఎదుటివాళ్ళ కోసం కదండీ!

ఆ శిక్షణ సంబడం ఏం చెప్పమంటారు. బల్ల మీద ప్లాస్టిక్ పొట్టొకటి, దానికో జిప్పు. 'నడుం రుద్దుటలో మెళకువలు' అని తెర మీద బొమ్మలు చూపించేవాడు జన్మలో ఎవరి నడుమూ రుద్దని కుర్ర లెక్చరరు. తోడత్త వెనక బెంచీలో కూర్చుని పళ్ళు నూరేది. పక్కన రిటైరైన టైపిస్టు ఒకావిడ. పెళ్ళీ పిల్లలూ లేరు, నోట్లోంచి మాట రాదు. "కనని మనిషికి కాన్పు గొడవలెందుకమ్మా?" అని తోడత్త మొహం మీదే అడిగేసింది. టైపిస్టు నవ్వి ఊరుకుంది. క్లాసులనీ, మళ్ళీ రాసే పరీక్షలనీ కాళ్ళరిగేలా తిరిగి తిరిగి, ఎట్టకేలకు తోడత్త కార్డు సంపాదించింది. ఆ మధ్యాహ్నమే కూతురికి నొప్పులు మొదలయ్యాయి.

కార్డు మెళ్ళో వేసుకుని దర్జాగా లోపలికి వెళ్ళబోతే గుమ్మంలో హెడ్ నర్సు చెయ్యి అడ్డం పెట్టింది.

"తోడత్తా, సొంత కూతురికి మీరు వెళ్ళకూడదు. రూలు."

"అయితే కార్డు తీసి అవతల పారేస్తాను. తల్లిగా వెళ్తాను, తప్పుకో!"

"తీసేస్తే సరా? రిజిస్టర్లో మీ పేరుంది. నా ఉద్యోగం పోతుందమ్మా."

అధికారికి ఫోన్ చేస్తే ఆయన ఎంతో మర్యాదగా, "అది మీ చలవేనమ్మా, మంచి నిబంధన! వద్దనుకుంటే రాజీనామా పంపండి, వచ్చే నెల పరిశీలిస్తాం" అన్నాడు.

తోడత్తకి తల కొట్టేసినట్టయింది. అల్లుడా, సూదిని చూస్తేనే కళ్ళు తిరిగి పడిపోయే రకం. ఆ పూట డ్యూటీలో ఉన్న కాన్పు తోడు ఎవరా అని చూస్తే, మొదటిసారే పరీక్ష పాసైపోయిన ఆ టైపిస్టు! చేతులు కడుక్కుని, మాటా పలుకూ లేకుండా లోపలికి వెళ్ళింది.

ఎన్ని పురిటి గదుల గుమ్మాలు దాటిన మనిషి! బెంచీ మీద కూర్చోలేకపోయింది, నిలబడలేకపోయింది. లోపల్నుంచి కూతురి కేక వినపడినప్పుడల్లా అల్లుడి చెయ్యి నలిపేసింది. సిగ్గు లేకుండా ఏడ్చింది.

పాప పుట్టింది. ఇద్దరూ క్షేమం. వార్డులోకి మార్చాక తోడత్త పరుగున వెళ్ళి కూతురి తల నిమిరింది.

"నన్ను రానివ్వలేదే తల్లీ. ఆ మూగావిడ ఏం చూసిందో ఏమో!"

"బాగా చూసిందమ్మా. పొద్దుపోయేదాకా తిట్టినా, చెయ్యి వదలకుండా విన్నది."

"పోనీలే, నొప్పుల్లో అందరూ తిడతారు. ఎవర్ని తిట్టావే, మీ ఆయన్నా?"

"నిన్నే."

తోడత్త నవ్వబోయింది. కూతురు నవ్వలేదు.

"ఇన్ని నెలలు ఒక్కదాన్నే వాంతులు చేసుకుంటూ పడున్నాను. రమ్మంటే క్లాసుందన్నావు, పరీక్షన్నావు. ఎవరెవరి బిడ్డలకో తోడున్నావు కదమ్మా, నాకెప్పుడున్నావు అని అరిచాను. నువ్వు పక్కనుంటే ఆ మాట అనగలిగేదాన్ని కాదు."

ఎంతటి సభలోనైనా మైకు లాక్కునే మనిషి, పాప ఏడిస్తే ఎత్తుకోబోయి, ఆగి, "ఎత్తుకోనా?" అని కూతుర్ని అడిగింది.