ఇస్తారికి వచ్చిన స్వెటర్

గల్ఫ్‌లోని హమ్రియా లేబర్ రూమ్‌లో ఎవరు సెలవుకు బయల్దేరినా, అతని ఊరివాళ్లు తమ ఇళ్లకు ఏదో ఒకటి ఆ అట్టపెట్టెలో సర్ది పంపుతారు. నేపాలీ దిల్‌బహదూర్ పెట్టెలో మాత్రం తాపీమేస్త్రీ ఇస్తారి ఒక్కడే సబ్బులు, బిస్కెట్లు కుక్కేవాడు. అవి దిల్‌బహదూర్ పెరిగిన అనాథాశ్రమంలోని పిల్లలకు.

ఈసారి అతను తిరిగొస్తుంటే ఆ పిల్లలు ఇస్తారికి ఉన్ని స్వెటర్ అల్లి పంపారు. తమకు చలేస్తే అతనికీ వేస్తుందనుకున్నారు. రూమంతా పగలబడి నవ్వింది.

"గీ ఎండల స్వెటరేందే!"

ఇస్తారికి చిర్రెత్తింది. "నోర్లు మూయుండ్రి!" అని, డ్యూటీ బట్టల మీదే దాన్ని తొడుక్కొని, దిల్‌బహదూర్‌తో పిల్లలకు వీడియోకాల్ చేయించాడు.

"చలి తగ్గిందా తాతా?" ఓ చిన్నది హిందీలో అడిగింది.

"తగ్గింది బేటీ," అన్నాడు ఇస్తారి. నుదుటి మీది చెమట కనబడకుండా ఫోన్ కాస్త దూరం జరిపాడు.